కంపెనీ పేరు, డొమైన్ రెండూ మనవే అయినా ట్రేడ్‌మార్క్ తీసుకోవాలా?

నురగ

అందరికీ నమస్తే. నేనూ నా ఫ్రెండూ కలిసి చేత్తో చేసిన సబ్బులు, సెంటు కొవ్వొత్తులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాం. చిన్న వ్యాపారమే, కానీ ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఆ పేరు మీదే కంపెనీ రిజిస్టర్ అయింది, డొమైన్ మాదే, సోషల్ మీడియాలో ఖాతాలన్నీ మావే. ఇంకేం కావాలి, పేరు మనదే కదా అని నిశ్చింతగా ఉన్నాం.

మొన్న ఒకావిడ ఫోటో పంపి బాగా తిట్టింది. సబ్బు మధ్యకి పగిలిపోయింది, రంగు చేతికి అంటుకుంటోంది. ఫోటో పెద్దది చేసి చూస్తే ఆ రేపర్ మాది కాదు. మా పేరులో ఒక్క చోట దీర్ఘం తీసేశారు, అంతే తేడా. అదే గోధుమరంగు కాగితం, అదే సన్నతాడు ముడి, అక్షరాలు కూడా దాదాపు మావే అన్నట్టున్నాయి. ఇది మా సబ్బు కాదండీ అని ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు, "మీ పేరే ఉంది కదా" అంటుంది. వెతికితే ఆ పేరుతో ఒక పేజీ దొరికింది, ఆర్డర్లు కూడా బాగానే తీసుకుంటున్నారు.

నా డౌట్లు ఇవి. కంపెనీ పేరు రిజిస్టర్ అయ్యాక మళ్ళీ ట్రేడ్‌మార్క్ ఎందుకు, రెండూ ఒకటి కాదా? ఇప్పుడు అప్లికేషన్ పెడితే వాళ్ళని ఆపొచ్చా, లేక మా సర్టిఫికెట్ వచ్చేదాకా వాళ్ళు అలా అమ్ముకుంటూనే ఉంటారా? మా ఫ్రెండ్ అయితే ఈ రాత్రికే వాళ్ళకి ఒక ఘాటైన మెయిల్ కొడదాం అంటున్నాడు. నేనే ఆపాను. ఇంకొకటి, అప్లికేషన్‌లో పేరు పెట్టాలా లోగో పెట్టాలా అన్నది కూడా అర్థం కావట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కాగితాలపిచ్చి

నేను ట్రేడ్‌మార్క్ ఏజెంట్ దగ్గర ఫైళ్ళు చూసే పనిలో ఉన్నాను. లాయర్ని కాదు, కాబట్టి నా మాట విన్నాక మీ దేశపు రూల్స్ ఒకసారి సరిచూసుకోండి. ఈ చట్టాల్లో మూల సూత్రాలు దాదాపు అన్నిచోట్లా ఒకటే, గడువులు, ఫారాలు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి.

మీ ఫ్రెండ్‌ని ఆపి మంచిపని చేశారు. ఆ మెయిల్ పంపేముందు మీ దేశపు ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లో సెర్చ్ పేజీ తెరిచి వాళ్ళ పేరు, మీ పేరు రెండూ కొట్టి చూడండి. వాళ్ళు ఈపాటికే అప్లికేషన్ పెట్టి ఉంటే కథ మారిపోతుంది. చాలా దేశాల్లో ముందు ఎవరు ఫైల్ చేస్తే హక్కు వాళ్ళదే, చైనా అందుకు పేరుమోసిన ఉదాహరణ. కొన్ని దేశాల్లో ముందునుంచి ఎవరు వాడుతున్నారన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు. మీది ఏ పద్ధతో తెలియకుండా బెదిరింపు నోటీసు పంపితే వాళ్ళే తిరిగి మీ మీదకి రావచ్చు. ఆధారం లేని బెదిరింపు అని ఎదురు కేసు వేసే వీలు కూడా కొన్ని దేశాల చట్టంలో ఉంది.

ఇక కంపెనీ పేరు సంగతి. కంపెనీలు, డొమైన్లు, ట్రేడ్‌మార్కులు, ఇవి మూడు వేర్వేరు రిజిస్టర్లు, ఒకదానితో ఒకటి పెద్దగా మాట్లాడుకోవు. కంపెనీల ఆఫీసు చూసేది ఇలాంటి పేరుతో ఇంకో కంపెనీ ఉందా అని. ఆ పేరు సబ్బు రేపర్ మీద ఎవరు అచ్చు వేసుకుంటున్నారన్నది దాని పని కాదు. డొమైన్ అయితే ఇంకా తేలిక, ముందు డబ్బు కట్టినవాడిది. రేపు ఎవడో మీ పేరుని పోలిన డొమైన్ కొని కూర్చున్నాడనుకోండి, కోర్టుకెళ్ళకుండా దాన్ని వెనక్కి తెచ్చుకోడానికి 1999 నుంచి యూడీఆర్‌పీ అనే పద్ధతి ఉంది, అందులో మీరు మొదట చూపించాల్సిందే ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు. అమెజాన్‌లో తమ బ్రాండు పేరు కాపాడుకోవాలనుకునే అమ్మకందార్లకోసం ఉన్న బ్రాండ్ రిజిస్ట్రీలో చేరాలన్నా రిజిస్టరైన మార్కో, కనీసం పెండింగ్‌లో ఉన్న అప్లికేషనో అడుగుతారు. అంటే తిరిగి తిరిగి అందరూ ఆ కాగితం దగ్గరికే వస్తారు.

ట్రేడ్‌మార్క్ ఉంటే ఒరిగేదేమిటంటే, అవే సరుకుల మీదో వాటికి దగ్గర సరుకుల మీదో అదే పేరుగానీ జనం పొరబడేంత దగ్గరి పేరుగానీ ఇంకొకరు వాడితే ఆపమనే హక్కు మీకు వస్తుంది. దీర్ఘం తీసేశాం కాబట్టి వేరే పేరు అంటే కుదరదు. చూపుకి ఎలా ఉంది, పలికితే ఎలా వినిపిస్తుంది, అర్థం ఏమిటి అని మూడూ చూస్తారు, చివరికి కొనేవాడు పొరబడతాడా లేదా అన్నదే తేలుస్తారు. ఆవిడ పంపిన ఫోటో, ఆ తిట్ల మెసేజ్ ఉన్నాయి చూశారూ, వాటిని తేదీలతో సహా భద్రంగా దాచండి. "మీ పేరే ఉంది కదా" అని కొన్న మనిషే రాసి పంపిందంటే అంతకంటే మంచి సాక్ష్యం మీరు డబ్బు పెట్టినా దొరకదు. వాళ్ళ పేజీ స్క్రీన్‌షాట్లు తీయండి, వీలైతే ఒక సబ్బు కొని బిల్లుతో సహా పక్కన పెట్టుకోండి.

అది సరే, పేరు ఎలాంటిదో మీరు చెప్పనే లేదు. బయటపెట్టడం ఇష్టం లేకపోతే దాని అర్థమైనా చెప్పండి. మీ కేసు గట్టిదా కాదా అన్నది సగం అక్కడే తేలుతుంది.

వేచిచూద్దాం

అందరూ ఒక్కసారిగా ట్రేడ్‌మార్క్ ట్రేడ్‌మార్క్ అని భయపెట్టేస్తారు గానీ, నా అభిప్రాయం వేరు. చిన్న వ్యాపారం మొదటి రెండు మూడేళ్ళలో పేరు మార్చుకుంటుంది, సరుకు మార్చుకుంటుంది, కొన్నిసార్లు మూతే పడుతుంది. ఫీజులన్నీ పోసి తీసుకున్న సర్టిఫికెట్ గోడకి వేలాడుతుంటే వ్యాపారం ఉండదు. పైగా సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన ఆఫీసువాళ్ళు వెళ్ళి దొంగ సరుకు పట్టుకోరు, నోటీసులు, కేసులు అన్నీ మళ్ళీ మీ ఖర్చే. ఆ డబ్బు సరుకు మీద పెట్టి పేరు సంపాదించుకోండి. రిజిస్టర్ కాకపోయినా ముందునుంచి వాడుతున్నవాడికి కొంత రక్షణ చాలా చోట్ల ఉంటుంది కదా.

కాగితాలపిచ్చి

వేచిచూద్దాం గారూ, ఆఫీసు వెళ్ళి ఎవర్నీ పట్టుకోదన్న మాట నూటికి నూరు పాళ్ళు నిజం, అది చాలామందికి తెలియదు. మార్కు కాపలా యజమానిదే. రిజిస్టర్ కాని మార్కుకీ రక్షణ ఉందన్నదీ నిజమే, ఇంగ్లీషు చట్టం నుంచి వచ్చిన దేశాల్లో పాసింగ్ ఆఫ్ అంటారు. కానీ అందులో ప్రతిసారీ మొదటినుంచి నిరూపించుకోవాలి, మన పేరుకి జనంలో గుర్తింపు ఉంది, అవతలివాడు జనాన్ని తప్పుదారి పట్టించాడు, మనకి నష్టం జరిగింది అని మూడూ. సబ్బులు అమ్ముకునే ఇద్దరు మనుషులు ఆ మూడూ కోర్టులో నిలబెట్టాలంటే అయ్యే ఖర్చు ముందు రిజిస్ట్రేషన్ ఫీజు ఏ మూలకి? ఇక ముందు ఫైల్ చేసినవాడిదే హక్కు అనే దేశాల్లో అయితే, మరీ ప్రసిద్ధమైన మార్కు అయితే తప్ప, ఆ మాత్రం రక్షణ కూడా దొరకడం కష్టం.

అసలు కాపీ కొట్టేవాళ్ళు ఎవరూ లేనప్పుడైతే మీ సలహా నేనూ ఒప్పుకునేవాణ్ణేమో. ఇక్కడ ఆల్రెడీ ఎవరో అమ్ముతున్నారు, రేపు వాళ్ళు ముందు ఫైల్ చేస్తే?

తిరుగుటపా

వాళ్ళు ముందు ఫైల్ చేస్తే ఏమవుతుందో నేను చెప్తాను. మాది బ్యాగుల వ్యాపారం. పక్క దేశంలో అమ్మడానికి ఒక డిస్ట్రిబ్యూటర్‌తో ఒప్పందం చేసుకున్నాం. మంచిగా మాట్లాడేవాడు, సరుకు టైముకి తీసుకునేవాడు. కొన్నాళ్ళకి ధరల దగ్గర మాటామాటా వచ్చింది, ఇంకొకరితో మాట్లాడుకుందాం అని చూస్తే మా బ్రాండు పేరు, మా లోగో, ఆ దేశంలో అతని పేరు మీద రిజిస్టరై ఉన్నాయి! మా బ్యాగులు మేమే అక్కడ అమ్మితే మా మీద అతను కేసు వెయ్యొచ్చన్నమాట. "మీ కోసమే కదండీ జాగ్రత్త చేశాను" అన్నాడు నవ్వుతూ. తిరిగి రాసివ్వడానికి అడిగిన మొత్తం వింటే మా అమ్మ కళ్ళు తిరిగి పడిపోయేది.

మా లాయరమ్మ పారిస్ ఒప్పందం తీసింది, ట్రేడ్‌మార్కులు, పేటెంట్ల లాంటి హక్కుల గురించి దేశాలు చేసుకున్నది. 1883 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. అందులో 6 సెప్టీస్ అనే ఆర్టికల్ ఉంది, యజమాని అనుమతి లేకుండా ఏజెంటో ప్రతినిధో తన పేరు మీద మార్కు రిజిస్టర్ చేసుకుంటే అభ్యంతరం చెప్పొచ్చు, రద్దు చేయించొచ్చు, ఆ దేశపు చట్టం ఒప్పుకుంటే తన పేరుకి మార్పించుకోవచ్చు కూడా. అతను మా ఏజెంటే అని చూపించే మెయిళ్ళు, ఇన్వాయిసులు అన్నీ ఉన్నాయి కాబట్టి సరిపోయింది, చివరికి దిగొచ్చి రాసిచ్చాడు. ఏ సంబంధమూ లేని మూడో మనిషి చేసి ఉంటే ఆ ఆర్టికల్ పనికొచ్చేది కాదు.

ఇప్పుడు మా ఒప్పందాలన్నిట్లో ఒక లైను ఉంటుంది: ఈ మార్కు మీద హక్కు మాది, మీరు దీన్ని గానీ ఇలాంటిదాన్ని గానీ ఎక్కడా రిజిస్టర్ చేయకూడదు. మీరు కూడా రేపు ఎవరికైనా సరుకు అమ్మకానికి ఇస్తే ఆ లైను మర్చిపోకండి.

దేశం దాటితే మార్కు దాటదు అన్నదానికి పెద్ద కంపెనీలే సాక్ష్యం. ఆస్ట్రేలియాలో బర్గర్ కింగ్ ఉండదు, అవే బర్గర్ షాపులు హంగ్రీ జాక్స్ అనే పేరుతో ఉంటాయి. 1971లో అక్కడ మొదలుపెట్టబోతే ఆ పేరు అప్పటికే ఒక చిన్న షాపు పేరు మీద రిజిస్టరై ఉంది. అంత పెద్ద కంపెనీ కూడా బోర్డు మార్చుకుంది.

నురగ

తిరుగుటపా గారూ, చదువుతుంటేనే టెన్షన్ వస్తోంది. అందరికీ థాంక్స్. సెర్చ్ చేశాను, మా పేరుగానీ వాళ్ళ పేరుగానీ రిజిస్టర్‌లో కనబడలేదు. ఊపిరి పీల్చుకున్నాం.

కాగితాలపిచ్చి గారూ, పేరు ఇక్కడ రాయలేను కానీ రెండు మాటలు కలిపింది, 'స్వచ్ఛమైన సబ్బు' అనే అర్థం వస్తుంది. చూడగానే ఏం అమ్ముతామో తెలిసిపోవాలని అలా పెట్టుకున్నాం. లోగో ఒక ఫ్రీలాన్సర్ చేసింది, డబ్బు ఇచ్చేశాం. కంపెనీ మా ఫ్రెండ్ రిజిస్టర్ చేయించాడు, నేను కూడా డైరెక్టర్నే. డొమైన్ నా పేరు మీద ఉంది. అప్లికేషన్ ఎవరి పేరు మీద పెట్టాలి?

కాగితాలపిచ్చి

నేను భయపడింది ఇదే. పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

చూడగానే ఏం అమ్ముతారో తెలిసిపోవాలి అనుకున్నారు చూశారా, వ్యాపారానికి బాగానే ఉంటుంది, ట్రేడ్‌మార్క్‌కి అదే అడ్డం. సరుకు ఏమిటో, ఎలాంటిదో నేరుగా చెప్పే పేరు మీద ఒక్కరికే హక్కు ఇవ్వడానికి ఏ ఆఫీసూ ఇష్టపడదు, ఎందుకంటే స్వచ్ఛమైన సబ్బు అనే మాట సబ్బు అమ్మే ప్రతివాడికీ కావాలి. రెండు మాటలు కలిపి ఒక్క మాటగా రాసినా, స్పెల్లింగ్ కాస్త వంకర పెట్టినా లాభం ఉండదు. ఆఫీసువాళ్ళు అప్లికేషన్ పరీక్షించేటప్పుడు ఇది వర్ణన మాత్రమే అని అభ్యంతరం వస్తుంది. ఏళ్ళ తరబడి వాడితే జనం ఆ మాట వినగానే మిమ్మల్నే తలుచుకుంటారు అని అమ్మకాల లెక్కలతో, ప్రకటనలతో, తేదీలున్న బిల్లులతో నిరూపిస్తే దాటొచ్చు గానీ కొత్త వ్యాపారాలకి అది అందే పని కాదు.

1976లో అమెరికాలో ఒక అప్పీల్ కోర్టు ఈ బలాబలాలని మెట్లుగా చెప్పింది, ఇప్పటికీ అందరూ అదే చెప్తుంటారు. అడుగున సరుకు పేరే మార్కుగా పెట్టుకున్నది, దానికి ఎప్పటికీ హక్కు రాదు. దానిపైన వర్ణించే పేర్లు, మీది ఇక్కడ. దానిపైన సరుకుని నేరుగా చెప్పకుండా ఊహకి అందించేవి. పైన మామూలు మాటే గానీ సరుకుతో సంబంధం లేనివి, కంప్యూటర్లకి ఆపిల్ లాగా, మీ సబ్బుల్లోనే చూస్తే డవ్ లాగా, పావురానికీ సబ్బుకీ ఏం సంబంధం? అన్నిటికంటే గట్టివి ఎక్కడా లేకుండా పుట్టించిన మాటలు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కోడక్ అని పెట్టాడు, దానికి ఏ భాషలోనూ అర్థం లేదు, ఆయనకి కె అక్షరం ఇష్టం అంతే. అలాంటి పేరుకి మొదట్లో ప్రచారం ఖర్చు ఎక్కువ, ఎవరికీ ఏమీ అర్థం కాదు, కానీ ఇంకెవడూ అది నా మాట కూడా అనలేడు.

ఇప్పుడు మీ కాపీ కేసుకి వద్దాం. మీరు ఇదే పేరుతో నోటీసు పంపితే వాళ్ళ లాయరు చెప్పే మొదటి మాట, మేం స్వచ్ఛమైన సబ్బు అమ్ముతున్నాం, ఆ మాట చెప్పుకోడానికి మీ అనుమతి ఎందుకు అని. అప్పుడు మీ దగ్గర మిగిలేది రేపర్ తీరు, ఆ తాడు ముడి, అక్షరాల రాత. మొత్తం రూపాన్ని కాపీ కొట్టారు అని వాదించొచ్చు, చాలా చోట్ల అది బాగానే నడుస్తుంది కూడా. కానీ పేరు ఒక్కటే చూపించి గెలవడం కష్టం.

దీనికి మా ఆఫీసులో మామూలుగా చెప్పే దారి ఒకటుంది. ఉన్న పేరు ఒక్కసారిగా పారేయకండి. ఒక కొత్త గట్టి మాట పుట్టించి దాన్ని రేపర్ మీద పెద్దగా వేసి, పాత పేరు దాని కింద చిన్నగా వర్ణనలాగా ఉంచండి. మెల్లిగా జనం కొత్తదానికి అలవాటు పడతారు, ఆ కొత్త మాట ట్రేడ్‌మార్క్ అవుతుంది. అయితే పుట్టించిన మాట కూడా సెర్చ్ చేయకుండా పెట్టకండి. మీ దేశపు రిజిస్టర్‌తో పాటు వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) వాళ్ళ గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్ ఉచితమే, అక్కడ వెతకండి. ఉన్నది ఉన్నట్టు ఒక్క స్పెల్లింగ్ కొట్టి ఊరుకోవద్దు, పలకడంలో దగ్గరగా ఉండేవన్నీ కొట్టండి, దీర్ఘాలు మార్చి, బ బదులు వ పెట్టి, అలా. మిమ్మల్ని కాపీ కొట్టినవాడు ఎలా ఆలోచించాడో మీరూ అలా ఆలోచించాలి.

పేరా లోగోనా అని అడిగారు. డబ్బు ఒక్కదానికే ఉంటే, పేరు గట్టిదైతే, ముందు పేరునే మామూలు అక్షరాల్లో పెట్టండి. అప్పుడు ఏ రంగులో, ఏ రాతలో రాసినా మీ రక్షణ కిందకి వస్తుంది. లోగో ఏటా మారుతుంది, మారిన ప్రతిసారీ కొత్త అప్లికేషన్ ఎవరు పెడతారు? పేరు బలహీనంగా ఉన్నవాళ్ళే లోగోతో కలిపి పెట్టి ఎలాగో గట్టెక్కుతారు, సర్టిఫికెట్ వస్తుంది, కానీ అందులోని వర్ణన మాట మీద విడిగా హక్కు లేదన్న షరతుతో వస్తుంది. ఆ షరతు చదవకుండా ఫ్రేము కట్టించుకునేవాళ్ళని రోజూ చూస్తుంటాను.

లోగో ఫ్రీలాన్సర్‌కి డబ్బు ఇచ్చేశాం అన్నారు. రాసిచ్చారా? చాలా దేశాల్లో బొమ్మ గీసిన మనిషికే కాపీరైట్ ఉంటుంది, డబ్బు ఇచ్చినంత మాత్రాన అది మీకు రాదు. ఒక పేజీ చాలు, హక్కులన్నీ కంపెనీకి బదిలీ చేస్తున్నాను అని సంతకం పెట్టించుకోండి. ఇప్పుడైతే నవ్వుతూ పెడతారు, వ్యాపారం పెద్దదయ్యాక అడిగితే ఆలోచిస్తారు.

ఎవరి పేరు మీద అంటే, కంపెనీ పేరు మీదే. మీ పేరు మీదా వద్దు, మీ ఫ్రెండ్ పేరు మీదా వద్దు. ఇద్దరూ ప్రాణస్నేహితులే, కాదనను. మా దగ్గర కొట్టుకుంటున్న ఫైళ్ళలో బయటివాడు కాపీ కొట్టినవాటికంటే పార్ట్‌నర్లు విడిపోయి పేరు నాదంటే నాది అన్నవే ఎక్కువ కనబడతాయి. డొమైన్ కూడా అదే ఊపులో కంపెనీకి మార్చేయండి.

ఇక క్లాసులు, అంటే ఏ సరుకులకి మార్కు కావాలో అప్లికేషన్‌లో చెప్పే విభాగాలు. సరుకుల్నీ సేవల్నీ కలిపి 45 క్లాసులుగా విభజించారు, 1957లో నీస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం. 1 నుంచి 34 దాకా వస్తువులు, 35 నుంచి 45 దాకా సేవలు. మామూలు సబ్బులు 3లో వస్తాయి, కొవ్వొత్తులు 4లో. సెంటు కొవ్వొత్తి కదా అని 3లో పెట్టకండి, అది 4 లోనే. మందు కలిపిన సబ్బు అంటే 5, మీరు చర్మరోగాలు తగ్గిస్తుంది లాంటి మాటలు రాసుకుంటుంటే ఆ గొడవ వేరే ఉంది. ఇతరుల బ్రాండ్లు కూడా మీ సైట్‌లో పెట్టి అమ్మే ఆలోచన ఉంటే 35 చూడండి. ప్రతి క్లాసుకీ విడిగా ఫీజు ఉంటుంది కాబట్టి అన్నీ వేసేయాలనే ఆశ వద్దు. వేసి వాడకపోయినా నిలవదు, దేశాన్ని బట్టి మూడేళ్ళో అయిదేళ్ళో వరుసగా వాడకపోతే ఎవరైనా రద్దు అడగొచ్చు. అయితే లిస్టు రాసేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఒకసారి ఫైల్ అయ్యాక సరుకులు తగ్గించుకోవచ్చు, పెంచుకోవడానికి ఉండదు, కొత్త అప్లికేషనే.

ఒకే మాట ఇద్దరికి ఉండొచ్చా అంటే ఉండొచ్చు, సరుకులు దూరంగా ఉంటే. డవ్ సబ్బు ఒక కంపెనీది, డవ్ చాక్లెట్ ఇంకో కంపెనీది. కానీ క్లాసు నంబర్ వేరైతే చాలు మనం సేఫ్ అనుకోవడం తప్పు. సబ్బు 3, కొవ్వొత్తి 4 అయినా రెండూ ఒకే గిఫ్ట్ డబ్బాలో అమ్ముతుంటే జనం ఒకే కంపెనీ అనుకుంటారు కదా, పరీక్షించేవాళ్ళు చూసేది అది. ఎంత దూరంగా ఉన్నా రేపు దగ్గరికి రావన్న గ్యారంటీ కూడా లేదు. బీటిల్స్ అనే సంగీత బృందం వాళ్ళ ఆపిల్ కోర్, కంప్యూటర్ల ఆపిల్ 1981లో రాజీ పడ్డాయి, నువ్వు సంగీతంలోకి రావద్దు అని. కంప్యూటర్లలోకి పాటలు వచ్చాయి, మళ్ళీ కోర్టులు, 2007లో గానీ తేలలేదు.

తిరుగుటపా

బయటి దేశాలకి పంపే ఆలోచన ఉంటే ఇది కలుపుకోండి. మీ దేశంలో ఫైల్ చేసిన ఆరు నెలల్లోపు ఇంకో దేశంలో ఫైల్ చేస్తే, పారిస్ ఒప్పందంలో ఉన్న దేశమైతే, అక్కడ కూడా మీ మొదటి తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. ఆ గడువు దాటితే మామూలు క్యూ. ఎక్కువ దేశాలకైతే మాడ్రిడ్ పద్ధతి ఉంది, ఒక్క అప్లికేషన్‌తో 130 దేశాల దాకా అడగొచ్చు, కావలసినవి ఎంచుకోవడమే. అంతర్జాతీయ ట్రేడ్‌మార్క్ వచ్చేసింది అని మాత్రం అనుకోకండి, అలాంటిది లేదు, ప్రతి దేశం విడిగా పరీక్షిస్తుంది, కాదనొచ్చు. ఇంకో మెలిక, మొదటి అయిదేళ్ళలో మీ సొంత దేశపు మార్కు పడిపోతే దాన్ని పట్టుకుని తీసుకున్నవి కూడా పడిపోతాయి. అందుకే బలహీనమైన పేరుతో మాడ్రిడ్‌కి వెళ్ళొద్దంటాను.

గోడమీదపిల్లి

మధ్యలో దూరుతున్నాను, ఒక్క విషయం. అప్లికేషన్ పెట్టగానే మీ పేరు, అడ్రసు రిజిస్టర్‌లో అందరికీ కనబడతాయి. కొన్నాళ్ళకి పెద్ద సీలు, రాజముద్రలాంటి బొమ్మ, ఏదో అంతర్జాతీయ రిజిస్టర్ అనే పేరుతో ఉత్తరం వస్తుంది, మీ మార్కు ప్రచురణకి ఫలానా మొత్తం వెంటనే కట్టండి అని. మా అక్క షాపుకి వచ్చింది, అడుగున ఎలకపిల్ల అక్షరాల్లో ఇది ప్రభుత్వ ఆఫీసు కాదు అని రాసి ఉంది. వైపో కూడా తన సైట్‌లో వీటి గురించి హెచ్చరిక పెట్టింది. ఏ బిల్లు వచ్చినా మీ ఏజెంట్‌ని అడిగాకే కట్టండి.

వేచిచూద్దాం

సరే, పేరు మార్చుకుని ఫైల్ చేయడం అనే సలహాకి నేను కూడా ఓటేస్తాను. ఎలాగూ మార్చాల్సిన పేరు మీద ఫీజు కట్టకపోవడమే నేనన్నది కూడా :) పెద్దగా పాతుకుపోకముందే మార్చుకోవడం తేలిక.

నురగ

అందరికీ చాలా థాంక్స్ అండి. మా ఫ్రెండ్ మొదట ఒప్పుకోలేదు, ఇంత కష్టపడి నిలబెట్టిన పేరు ఎలా వదులుతాం అన్నాడు. కాగితాలపిచ్చి గారి పోస్ట్ ఫోన్‌లో చదివి వినిపించాను, వాళ్ళ లాయరు ఏమంటాడో అన్న చోట ఆగిపోయి మళ్ళీ చదవమన్నాడు. ఇప్పుడు కొత్త మాట కోసం వెతుకులాట నడుస్తోంది, పాత పేరు కింద చిన్నగా ఉంచుతాం. లోగో చేసినమ్మాయి సంతకం పెడతానంది.

కాపీ పేజీ మీద ప్రస్తుతానికి ఆ ప్లాట్‌ఫామ్‌కే ఫిర్యాదు పెట్టాం, రేపర్ ఫోటోలు పక్కపక్కన పెట్టి. రెండు చిన్న డౌట్లు మిగిలాయి. సర్టిఫికెట్ రావడానికి ఎంత టైమ్ పడుతుంది, ఈలోగా రేపర్ మీద ఆ వృత్తంలో ఆర్ గుర్తు వేసుకోవచ్చా?

కాగితాలపిచ్చి

టైమ్ దేశాన్ని బట్టి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే కొన్ని నెలల నుంచి ఏడాది పైదాకా. ముందు ఆఫీసు పరీక్ష, తర్వాత ప్రచురణ, ఆ ప్రచురణ నుంచి ఇతరులు అభ్యంతరం చెప్పడానికి గడువు. ఆ గడువు అమెరికాలో 30 రోజులు, యూరోపియన్ యూనియన్‌లో మూడు నెలలు, అంత తేడా ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో ఇంకో సంగతి, పాత మార్కులతో గుద్దుకుంటోందని ఆఫీసు తనంతట తాను కాదనదు, ఆ పాత మార్కు యజమానే చూసుకుని అభ్యంతరం చెప్పాలి. అందుకే రిజిస్టర్ అయ్యాక కూడా అప్పుడప్పుడూ రిజిస్టర్‌లో మీ పేరుకి దగ్గరివి ఏమొస్తున్నాయో చూస్తుండండి, గడువు దాటాక రద్దు చేయించడం చాలా పెద్ద తలనొప్పి.

మంజూరయ్యాక చాలా దేశాల్లో పదేళ్ళు, తర్వాత రెన్యువల్ చేసుకుంటూ పోతే అంతం లేదు. బ్రిటన్‌లో మొదటి నంబరు మార్కు బాస్ బీరు వాళ్ళ ఎర్ర త్రికోణం, 1876లో రిజిస్టర్ చేశారు, ఇప్పటికీ ఉంది. రెన్యువల్ తేదీ మర్చిపోతే కనీసం ఆరు నెలల గ్రేస్ ఇస్తారు, అదనపు ఫీజుతో.

వృత్తంలో ఆర్ గుర్తు ఇప్పుడు వేయకండి. రిజిస్టర్ కాకుండా అది వేస్తే చాలా దేశాల్లో నేరం, రేపు మీ కేసులోనే అవతలివాడు దాన్ని ఎత్తి చూపిస్తాడు. రిజిస్టరైన దేశంలో తప్ప బయటికి పంపే సరుకు మీద కూడా చూసుకుని వేయాలి. టీఎమ్ అని చిన్న అక్షరాలు వేసుకోడానికి సాధారణంగా అడ్డం లేదు, ఇది మేం మార్కుగా వాడుతున్నాం అని చెప్పడమే అది. కొత్త రేపర్లు మాత్రం పరీక్ష రిపోర్ట్ వచ్చేదాకా కొద్దికొద్దిగానే ప్రింట్ చేయించండి, ప్రెస్ వాడు ఎక్కువ వేయిస్తే తగ్గిస్తానని ఎంత ఊరించినా.